మాస్టారు దాచిన రాయి

మా దండీల మాస్టారు పోయారు. పొద్దున ఏడున్నరకి మాచర్ల నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెద్దమ్మ అంటే మాస్టారి భార్య. "నాయనా, మీ మాస్టారు ఇంక లేడు. తెల్లారి కాఫీ ఇస్తే తాగలా. నీకు వీలైతే రా, లేకపోతే లేదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. నేను వస్తానో రానో అన్న అనుమానం మాత్రం ఉంది. ఆ అనుమానానికి కారణం నేనే.

అప్పుడు నేను నరసరావుపేటలో నా జిమ్ములో ఉన్నాను. కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన ఎదురుగా నిలబడి, "సార్, కండ రావాలంటే పుషప్స్ చాలవా, బరువులు ఎత్తాల్సిందేనా?" అని అడుగుతున్నాడు. చేరే ప్రతివాడూ మొదటి వారంలో అడిగే ప్రశ్నే. జవాబు నాకు కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం ఫోన్ జేబులో పెట్టుకుని, "దానికి జవాబు తెలిసినాయన ఇప్పుడే పోయాడండీ" అన్నాను. పాపం ఆయనకేం అర్థమవుతుంది! సరే సార్ అని వెళ్ళి మూలనున్న జిమ్ము సైకిలెక్కి తొక్కుకున్నాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాస్తారు. నేనూ రాస్తాను, రాయడానికి చాలా ఉంది. కానీ మాస్టారు లేరని వినగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. పాత కోపమే. ఆరేళ్ళుగా ఆయనతో మాట లేదు. ఇక ఎప్పటికీ మాట్లాడే వీలు లేకుండా వెళ్ళిపోయారని ఇంకొంచెం కోపం వచ్చింది. ఇది దాచిపెట్టి పొగడ్తలు రాస్తే అబద్ధం అవుతుంది. మా ఇద్దరి మధ్యా అబద్ధాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

మాచర్ల స్టేషన్ వెనక, నాపరాళ్ళకి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు పారేసిన ముక్కల కుప్పల మధ్య, ఒక ఖాళీ జాగా ఉండేది. అది ఎవరిదో మాలో ఎవరికీ తెలియదు. అందులో చదరంగా పరిచిన బండలు. వాటి మీదే మా దండీలు, బస్కీలు. ఈ మాటలు వినని పిల్లలకోసం చెబుతున్నాను: దండీ అంటే ఇప్పటి పుషప్ లాంటిదే, కాకపోతే నడుము పైకి లేపి, ఛాతీని నేల మీదుగా ముందుకి జార్చి పైకి లేస్తారు. బస్కీ అంటే గొంతుక్కూర్చుని లేవడం. ఆ జాగాకి గేటు లేదు, బోర్డు లేదు, ఒక్క ఇనప ముక్క లేదు. చీకటి విడిపోయేసరికి అక్కడ పదిహేను ఇరవై మంది కుర్రాళ్ళం బనియన్లతో చేరేవాళ్ళం. అందరికీ పోలీసు ఉద్యోగమో ఆర్మీయో కావాలి.

మాస్టారికి అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. ఆయన ఏ బడిలోనూ పని చేసినవారు కాదు. స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు చూసుకునేవారు. కృష్ణ అవతల నుంచి వచ్చి మాచర్లలో స్థిరపడ్డారని తప్ప అంతకుముందు ఏం చేశారో మాకెవరికీ తెలియదు, అడగలేదు కూడా. మేము మాస్టారూ అని పిలిచాం కాబట్టి వీధంతా అలాగే పిలిచింది. ఆయన చొక్కా విప్పితే మేము నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళం. వీపు తలుపంత వెడల్పు. మెడ కిందనుంచి భుజం దాకా రెండు పక్కలా గట్లు కట్టిన కండ. ఆ కండ దండీలతో రాదు. మోస్తేనే వస్తుంది. ఇప్పుడు నాకది ఎవరి ఒంటి మీద చూసినా తెలిసిపోతుంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, ఏమీ తెలియదు.

మాస్టారి లెక్క విచిత్రంగా ఉండేది. పది దాకా లెక్కబెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. నువ్వు నూరు తీశావో రెండొందలు తీశావో నీకే తెలియదు. "లెక్క పెద్దదయితే పొగరొచ్చుద్దిరా. పదే తియ్యి. మళ్ళా పది తియ్యి" అనేవారు. ఎవడైనా చేతులు వణికి బండ మీద బోర్లా పడితే దగ్గరికొచ్చి కూర్చుని, వాడి ముఖం కిందనుంచి రాతి పొడి ఊదేసేవారు. తిట్టేవారు కాదు. "లే, ఒళ్ళు ఇంకా అలవలా. నీ మనసే ముందు కూర్చుంది" అనేవారు. పెద్దమ్మ రాత్రి నానబెట్టిన శనగలు గిన్నెలో తెచ్చి పెట్టేది. పిడికెడు శనగలు, చిన్న బెల్లం ముక్క. ఇంట్లో ఏం తిని వచ్చారని మాస్టారు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ఆ అడగకపోవడం మర్యాదని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది.

చివర్లో గాలి పట్టించేవారు. వరసగా నిలబెట్టి, "గాలి పట్టండి!" అని కేకేసేవారు. ఊపిరి ఛాతీ నిండా పీల్చి బిగబట్టాలి. ఆయన నెమ్మదిగా లెక్కబెడుతూ మా ముందు నడిచేవారు. కళ్ళు తిరిగే దాకా వదలనిచ్చేవారు కాదు. దండీలు మాతో సమానంగా తీసే మనిషి, గాలి మాత్రం ఒక్కరోజు కూడా మాతో పట్టలేదు. మధ్యమధ్య రైలు పట్టాల వైపు తిరిగి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేవారు. "దుమ్మురా, ఈ ఫ్యాక్టరీల దుమ్ము" అనేవారు.

ఆ జాగాలో ఒక్కటే నిషేధం. రాయి ఎత్తకూడదు. చుట్టూ కుప్పలుగా రాళ్ళే. అరచేతి సైజు నుంచి ఇద్దరు పట్టి లేపే బండ దాకా ఏది కావాలంటే అది ఉంది. వ్యాయామం చేసే కుర్రాడి చెయ్యి వాటి మీదికి పోకుండా ఎలా ఉంటుంది? మా బాబాయి కొడుకు, నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, ఒకరోజు కుప్ప వెనక్కి పోయి ఒక ముక్కని తలపైకెత్తి దించడం మొదలుపెట్టాడు. మాస్టారు చూశారు.

"ఏందిరా అది?"

"రాయి మాస్టారూ."

"రాయని నాకు తెలవదా? ఎందుకెత్తతన్నావ్?"

"భుజాలు లావు అవుతయ్యని..."

"కూలి ఎంతిస్తన్నారు?"

వాడు నవ్వాడు. "కూలేంది మాస్టారూ, ఊరికే ఎత్తతన్నా."

"రాయి ఎత్తితే కూలి ఇయ్యాల. ఊరికే ఎత్తేవోడికి ఇక్కడ పన్లేదు. ఇంటికి పో. రేపట్నించి రావాకు."

వాడు బతిమాలాడు. మేమూ బతిమాలాం. మాస్టారు వినలేదు. వాడికి రోషం వచ్చి, రాయి ఎత్తితే కూలి వస్తుంది కదా అని మర్నాడే ఒక ఫ్యాక్టరీలో లారీలకి నాపరాళ్ళు ఎక్కించే పనిలో చేరాడు. వాడెత్తిన రాయి కంటే మాస్టారి నిషేధమే ఎక్కువ బరువని మేము నవ్వుకున్నాం. మాస్టారి మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. ఎదురుగా ఆ ఒళ్ళు కనిపిస్తుంటే ఎవడు అనుమానిస్తాడు?

కానిస్టేబుల్ సెలక్షన్లకి నేను మొదటిసారి గుంటూరు వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఒకటి. మా నాన్న మాచర్లలో చెక్కబండి మీద అరటిపళ్ళు అమ్మేవాడు. ఖాకీ చొక్కా వేసుకున్న కొడుకు పక్కన నడవాలని ఆయనకి ఒకటే కోరిక. పరుగులో నేను ముందున్నాను. ఛాతీ కొలిచే చోట చొక్కా విప్పి నిలబడ్డాను. కానిస్టేబుల్ ఒకాయన టేపు చుట్టాడు. "పీల్చు" అన్నాడు. పీల్చాను. టేపు వేళ్ళ మధ్య నుంచి సర్రున జారింది. ఐదు సెంటీమీటర్లు పెరగాలి, నాది ఏడు పెరిగింది. ఆయన ఆశ్చర్యంగా నా ముఖం చూశాడు. తర్వాత గాలి వదలమని మళ్ళీ కొలిచాడు. మామూలుగా ఉండాల్సిన కొలతకి ఒక సెంటీమీటరు తక్కువ. మూడుసార్లు కొలిచాడు పాపం. "ఊపిరి చానా బాగుంది తమ్ముడూ, ఛాతీ లేదు" అని పేరు కొట్టేశాడు.

మాచర్ల వచ్చి తిన్నగా మాస్టారి దగ్గరికే వెళ్ళాను. "మాస్టారూ, దండీలతో లావు రావట్లేదు. బరువులు ఎత్తితే వస్తదంటన్నారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగాను. ఆ మాట ఇప్పటికీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది, ఎందుకంటే ఆయన జవాబు కూడా అలాగే గుర్తుంది. చొక్కా బొత్తాలు విప్పి, భుజం మీద చరుచుకుని, "నన్ను చూడరా. ఇది ఎట్టా వచ్చిందనుకున్నావ్? దండీల ఒళ్ళు ఇది. ఇంకా తియ్యి, అదే వచ్చుద్ది" అన్నారు.

తీశాను. రోజుకి మూడొందలు, తర్వాత ఐదొందలు. పది తరవాత పది. అరచేతులు బండలాగే అయ్యాయి. పరిగెత్తితే ఆయాసం రాదు, చెట్టెక్కితే అలుపు రాదు. ఒంట్లో చారెడు కొవ్వు లేదు, పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు. రెండోసారి గుంటూరు వెళ్తే అర సెంటీమీటరు తక్కువ వచ్చింది. అదే సెలక్షన్లో, నా వెనక వరసలో, మా బాబాయి కొడుకు నిలబడ్డాడు. లారీల మీద రాళ్ళెత్తిన వాడు. వాడికి టేపు చాల్లేదు, ఉద్యోగం వచ్చేసింది. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి నాకు వయసు దాటిపోయింది. మా నాన్న నన్నేమీ అనలేదు. వాడి ఖాకీ చొక్కా చూడటానికి బాబాయి ఇంటికి వెళ్ళి, చాలాసేపు కూర్చుని వచ్చాడు.

ఆ తర్వాత మాచర్లలో ఉండలేకపోయాను. నరసరావుపేట వచ్చి ఒక జిమ్ములో ఊడ్చే పనికి కుదిరాను. అందరూ వెళ్ళిపోయాక ఇనుము ఎత్తడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి నా ఛాతీ కొలత ఎంత పెరిగిందో నేనే టేపు పెట్టి చూసుకున్నాను. కావలసిన దానికంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. ఆ టేపు నేలకేసి కొట్టాను. సంతోషించాల్సిన రోజున అంత ఏడ్చింది నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇక్కడ నా వృత్తి ధర్మంగా ఆ లెక్చరర్‌కి చెప్పాల్సిన జవాబు చెప్పేస్తాను. కండకి రాయీ ఇనుమూ తేడా తెలియదు. నీ సొంత ఒళ్ళే ఎత్తినా దానికి సమ్మతమే. దానికి కావలసిందల్లా నిన్నటి కంటే ఇవాళ కొంచెం ఎక్కువ బరువు, ఆ తర్వాత కడుపు నిండా మంచి తిండి. దండీలు తీస్తే మొదట్లో కండ వస్తుంది. ఇరవై, ముప్పై సునాయాసంగా తీసే రోజు వచ్చాక అవే పెంచుకుంటూ పోతే పెరిగేది ఎక్కువగా ఓపికే. ఇనుముతో సుఖమేమిటంటే రేపు ఇంకో రెండు కేజీలు తగిలించొచ్చు, ఒంటికి తగిలించలేం. దండీనే కష్టం చేసుకోవచ్చు: కాళ్ళు గట్టు మీద పెట్టి తీయొచ్చు, వీపు మీద ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు. ఆ మాత్రం చేసినా నాకు ఆ అర సెంటీమీటరు వచ్చేది. మాస్టారు అది కూడా ఒప్పుకోలేదు. "మనిషి మీద బరువు పెట్టగూడదు" అనేవారు, ఇంకేం చెప్పకుండా.

ఆరేళ్ళ క్రితం నా సొంత జిమ్ము తెరిచాను. ఆ రోజుకి మాస్టారిని పిలవడానికి మాచర్ల వెళ్ళాను. భక్తితో వెళ్ళానని రాస్తే బాగుంటుంది. కానీ నా ఛాతీ ఆయనకి చూపించడానికే వెళ్ళాను. బిగుతు టీషర్టు వేసుకుని మరీ వెళ్ళాను. ఆయన నా భుజాలు తడిమి, "బాగా వచ్చిందిరా" అని ఊరుకున్నారు.

ప్రారంభం రోజు బస్సు దిగి ఒక్కరే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్ళ సంచి. పూజ పెట్టబోయే చోట ఒక రాడ్డు అడ్డంగా ఉంది. రెండు పక్కలా చక్రాలు తగిలించి, ఎనభై కేజీలు. అక్కడున్న కుర్రాళ్ళు చక్రాలు విప్పి జరుపుదామని చూస్తున్నారు. మాస్టారు సంచి పక్కన పెట్టి వంగారు. ఒక కాలు ముందుకి వేసి, తుంటి పక్కకి తిప్పి, రాడ్డుని తొడ మీదికి లాక్కుని లేచారు. నాలుగడుగులు పక్కకి నడిచి, ముందు ఒక కొసా తర్వాత ఇంకో కొసా ఆనించి, చప్పుడు కాకుండా దించారు. జిమ్ములో ఎవడూ అలా దించడు. వేళ్ళు నలగకుండా రాయి కింద పెట్టేవాడి పద్ధతి అది. ఆ వయసులో ఆ బరువు. దించి, గోడ వైపు తిరిగి కండువా నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

నాకు మొత్తం అర్థమైపోయింది. ఆ మెడ, ఆ వీపు, ఆ గట్లు.

"మీరు రాళ్ళు మోశారు గదా మాస్టారూ?" అన్నాను.

ఆయన నోరు తుడుచుకున్నారు. "మోశా."

"ఎన్నేళ్ళు?"

"పన్నెండో ఏట క్వారీలో దిగా. ముప్పై ఏళ్ళు."

"మరి దండీల ఒళ్ళని నాకెందుకు చెప్పారు?"

ఆయన కండువా మడిచి భుజాన వేసుకున్నారు. నేను ఆగలేదు. వచ్చినవాళ్ళందరి ముందు అరిచాను. "మీ మాట నమ్మి రెండుసార్లు పోగొట్టుకున్నా. బరువెత్తరా అని ఒక్క ముక్క అంటే ఈపాటికి నేను హెడ్డు కానిస్టేబుల్ని అయ్యేవాణ్ణి. మా నాన్న అది చూడకుండానే పోయాడు. ఎందుకు ఆడారు అబద్ధం?"

మాస్టారు నా వంక చూశారు. "కొబ్బరికాయ కొట్టు నాయనా, ముహూర్తం దాటుద్ది" అన్నారు. భోజనం చేయకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. నేను ఆపలేదు. అరటిపళ్ళ సంచి అక్కడే ఉండిపోయింది, వాటిని కుర్రాళ్ళు తిన్నారు.

తర్వాత ఆరేళ్ళు వెళ్ళలేదు. ఆయనకి ఊపిరి ఆడటం లేదని, ఇంట్లో ఆక్సిజన్ పెట్టారని మా బాబాయి కొడుకు చెబుతూనే ఉన్నాడు. వాణ్ణి తరిమేసిన మనిషి దగ్గరికి వాడు వెళ్ళి చూసి వచ్చేవాడు. నేను వచ్చే వారం, వచ్చే వారం అంటూ గడిపేశాను. పనుండి కాదు. మొండితనం.

ఆ రోజు నేను వెళ్ళేసరికి మాస్టారిని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. పెద్దమ్మ నన్ను చూసి పక్కన కూర్చోమంది. పిల్లల్లేరు వాళ్ళకి. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఎవరో అడిగినట్టు చెప్పుకుపోయింది.

"నువ్వు అడిగిందానికి ఆయన జవాబు చెప్పలా గదా, నే చెబుతా విను. ఆయనకి ఒక తమ్ముడు వుండేవోడు నాయనా. పదేళ్ళు చిన్నోడు. బళ్ళో చదూకునేవోడు. అన్న భుజాలు చూసి, నాకూ అట్టాంటియి గావాలని ఒకటే గోల. మీ మాస్టారు అప్పట్లో గొప్పలు పోయేవోడులే. రాయెత్తరా, నా అంతోడివి అవుతావు, అన్నాడు. ఆయనే దగ్గరుండి క్వారీలో దింపాడు. పిల్లోడికి ఒళ్ళు బాగానే వచ్చింది. తర్వాత కోత మిషను కాడ పెట్టారు. దగ్గు మొదలైంది. టీబీ అన్నారు, ఆ మందులే మింగించాం. టీబీ కాదంట, రాతి దుమ్మంట. ముప్పై రెండేళ్ళకే పోయాడు. పోయేటప్పుడు ఆ ఛాతీ అంత పెద్దది, లోపల గాలి లేదు."

ఆయన మీది గుడ్డ సర్ది మళ్ళీ అంది. "దినాలయినాక ఆ వూళ్ళో వుండలేక ఇక్కడికొచ్చాం. స్టేషను వెనక పారేసిన బండలు ఒక్కడే మోసి పరిచాడు. అయ్యే ఆఖరు, మళ్ళా బరువు ముట్టనన్నాడు. మీ పిలకాయలకి నిజం చెబితే ఏమయ్యుద్ది? ఇక్కడ అప్పుడు జిమ్ములున్నయ్యా? వున్నది క్వారీయేగా. పోయేవోళ్ళు కాదూ?"

పోయేవాణ్ణి. ఒట్టు. ఆ అర సెంటీమీటరు కోసం మర్నాడే వెళ్ళి ఏ కోత మిషను దగ్గర నిలబడమన్నా నిలబడేవాణ్ణి. అది నాకు తెలుసు. అయినా చెప్పొద్దా? ఇదీ సంగతి, అక్కడికి పోవద్దు, నరసరావుపేట పోయి ఇనుమెత్తుకో అని ఒక్క మాట చెప్పొద్దా? లారీలకి రాళ్ళెత్తిన మా బాబాయి కొడుకు నిక్షేపంగా ఉన్నాడు. భయపడ్డ మనిషి మాట విన్న నాకే జీవితం తప్పిపోయింది. పైగా దండీల ఒళ్ళని భుజం చరుచుకున్నప్పుడు ఆయన కళ్ళలో కొంచెం గొప్ప కూడా కనిపించింది, అది నేను మరిచిపోలేదు. ఇవన్నీ పెద్దమ్మతో అనలేదు. మీతో అంటున్నాను. మళ్ళీ బరువు ముట్టనన్న మనిషి, ఇరవై ఏళ్ళకి ముట్టింది నా పూజకి దారి చేయడానికని తెలిశాక కూడా కోపం పోలేదు. దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియడం లేదు.

ఆయన దగ్గర దండీలు తీసినవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. ఉద్యోగాలు వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ. కొరివి పెట్టడానికి పాలివాళ్ళ అబ్బాయి కృష్ణ అవతల నుంచి వచ్చాడు. పాడె ముందు కుడిపక్క నేను పట్టాను, ఎడమపక్క మా బాబాయి కొడుకు. ఒక్కసారి లేపగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బరువు లేదు. ఆ వీపు, ఆ భుజాలు ఎక్కడికి పోయాయో తెలియదు. నా జిమ్ములో కొత్తగా చేరిన పిల్లలకి కూడా నేను అంత తేలిక బరువు ఇవ్వను.

ఇల్లు దాటేముందు పెద్దమ్మ నా చెవిలో చెప్పింది. "దింపుడు కళ్ళం కాడ నువ్వు పిలువు నాయనా. నీ మీద బెంగతోనే పోయాడు."

శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట పాడె దింపి, ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మాకు స్టేషన్ దాటాక, రాళ్ళ కుప్పల పక్కనే ఆ చోటు వచ్చింది. పాడె దించాం. చప్పుడు కాలేదు. ముందు కాళ్ళవైపు, తర్వాత తలవైపు. ఎవరూ చెప్పకుండానే అలా దించాం.

నేను మోకాళ్ళ మీద కూర్చుని వంగాను. ఆరేళ్ళ తర్వాత ఆయనతో మాట్లాడబోతున్న మొదటి మాట. "మాస్టారూ" అని గొణిగాను. "గట్టిగా పిలువబ్బాయ్" అని వెనక నుంచి ఎవరో పెద్దాయన అన్నాడు. "మాస్టారూ!" అన్నాను. మూడోసారి ఏమనాలో తెలియలేదు. క్షమించమనాలో, నన్నెందుకిలా చేశారని అడగాలో తేలలేదు. అంతలో నోటికి అలవాటైన మాటే వచ్చేసింది.

"గాలి పట్టండి మాస్టారూ!"

అని, ఆయన ఛాతీ మీద కప్పిన తెల్లగుడ్డ వంక చూస్తూ ఉండిపోయాను. గుంటూరులో టేపు పట్టుకున్న కానిస్టేబుల్ నా ఛాతీ వంక అలాగే చూశాడు, ఇంకొంచెం పెరిగితే బాగుండునని. మా బాబాయి కొడుకు నా భుజం మీద చెయ్యి వేశాడు. "లే అన్నా. ఎత్తాలి" అన్నాడు.